కాంతి చిప్పులు: విశ్వవిద్యాలయానికీ పరిశ్రమకూ పొత్తు

ఎలక్ట్రానిక్ చిప్పులో సన్నటి లోహపు తీగల గుండా కరెంటు నడుస్తుంది. ఫోటానిక్ చిప్పులో ఆ తీగల స్థానంలో సన్నటి కాలువలుంటాయి, వాటిలో కాంతి పారుతుంది. ఈ కాలువ పేరు వేవ్‌గైడ్. సిలికాన్‌తో చేసిన వేవ్‌గైడ్ వెడల్పు సుమారు 450 నానోమీటర్లు, ఎత్తు 220 నానోమీటర్లు. ఒక తలవెంట్రుక మందంలో ఇలాంటివి పక్కపక్కనే నూటికి పైగా పడతాయి. చుట్టూ ఉన్న గాజు పొరతో పోలిస్తే సిలికాన్ వక్రీభవన గుణకం రెట్టింపు కంటే ఎక్కువ. అందుకే కాంతి ఆ కాలువ గట్టు దాటి పోలేదు. నాలుగైదు మైక్రాన్ల వ్యాసార్ధంతో మలుపు తిప్పినా బుద్ధిగా తిరుగుతుంది. కంటికి కనబడే వెలుగుకు సిలికాన్ అడ్డుగోడే గానీ, 1310, 1550 నానోమీటర్ల పరారుణ కాంతికి గాజులాగా పారదర్శకం. ఆప్టికల్ ఫైబర్లలో పరుగెత్తేదీ ఆ కాంతే.

లేజరు, దాని వెలుగును సంకేతంగా మలిచే మాడ్యులేటరు, రంగులను విడదీసే వడపోత, వచ్చిన కాంతిని పట్టుకుని కరెంటుగా మార్చే డిటెక్టరు, ఇవన్నీ ఒకప్పుడు విడివిడి భాగాలు. సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కదాన్నీ సరిచూసి జోడించేవారు. వాటినన్నిటినీ ఒకే చిప్పు మీద అచ్చు వేయడమే ఇంటిగ్రేటెడ్ ఫోటానిక్స్. దీనికి పెద్ద గిరాకీ డేటా సెంటర్ల నుంచి వస్తోంది. 2025 అక్టోబరులో విశాఖపట్నానికి గూగుల్ ప్రకటించిన కేంద్రంలాంటి చోట వేల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎడతెరిపి లేకుండా మాట్లాడుకోవాలి. ఆ మాటలు రాగి తీగ మీద నడిస్తే కొద్ది మీటర్లలోనే నీరసిస్తాయి, పైగా వేడి. అందుకే ర్యాకు నుంచి ర్యాకుకు ఫైబరే దారి. ఫైబరుకు రెండు కొసలా వేలెడంత ట్రాన్సీవరు ఉంటుంది, దాని లోపల ఫోటానిక్ చిప్పు ఉంటుంది.

ఈ చిప్పు తయారీలో విశ్వవిద్యాలయం, పరిశ్రమ ఎవరి పొయ్యి వారు వెలిగించుకుంటే వంట కాదు. కారణం ఖర్చు. శుభలేఖలు పది అచ్చు వేయించినా, వెయ్యి వేయించినా బ్లాకు ఖర్చు ఒకటే. చిప్పుల విషయంలో ఆ బ్లాకును మాస్కు అంటారు. ఒక చిప్పుకు పొరపొరకూ ఒక మాస్కు కావాలి. వాటిని వాడే యంత్రాల వరుస నెలకొల్పాలంటే వందల కోట్ల మాట. ఏ విశ్వవిద్యాలయమూ అంత పెట్టి, ఏడాదికి నాలుగు చిప్పులు చేసుకుని ఊరుకోలేదు. మరి యంత్రాలున్న కంపెనీ సంగతి? దాని లైను క్షణం ఖాళీగా ఉంటే నష్టం. పదేళ్ల తర్వాత పనికొస్తుందో రాదో తెలియని ఊహ కోసం ఆ లైనును ఆపడం దానికి గిట్టుబాటు కాదు. ఒకరికి ఊహ ఉంది, ఓపిక ఉంది, విద్యార్థులున్నారు. ఇంకొకరికి యంత్రం ఉంది. పొత్తు ఇక్కడే మొదలవుతుంది.

కాంతి భాగాలన్నిటినీ ఒకే చిప్పు మీద పెట్టాలన్న ఆలోచన పుట్టింది మాత్రం కంపెనీ ప్రయోగశాలలోనే. బెల్ ల్యాబ్స్‌కు చెందిన స్టీవర్ట్ మిల్లర్ 1969లో ఇంటిగ్రేటెడ్ ఆప్టిక్స్ అనే మాటను ముందుకు తెచ్చాడు. ఆ తర్వాత చాలాకాలం అది గాజు, లిథియం నయోబేట్, ఇండియం ఫాస్ఫైడ్ లాంటి పదార్థాల చుట్టూ తిరిగింది. సిలికాన్‌తోనూ ఈ పని చేయవచ్చని 1980లలో పట్టుబట్టిన వ్యక్తి రిచర్డ్ సోరెఫ్. అమెరికా వైమానిక దళ ప్రయోగశాలలో పనిచేసేవాడు. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ల సాంద్రత మారితే వక్రీభవన గుణకం ఎంత మారుతుందో 1987లో బెనెట్ అనే సహచరుడితో కలిసి లెక్కకట్టి ప్రచురించాడు. నేటికీ సిలికాన్ మాడ్యులేటరు గీసేవారు ఆ లెక్కనే పట్టుకుంటారు. ఆ మార్పు చాలా చిన్నది, దాన్ని వేగంగా జరిపించడం మరీ కష్టం. 2004కు ముందు సిలికాన్ మాడ్యులేటర్ల వేగం సుమారు 20 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది. ఆ ఏడాది ఇంటెల్ పరిశోధకులు ఒక్కసారిగా 1 గిగాహెర్ట్జ్ దాటించారు. మరుసటి ఏడాది కార్నెల్ విశ్వవిద్యాలయంలో మిషాల్ లిప్సన్ బృందం 12 మైక్రాన్ల వ్యాసం ఉన్న చిన్న ఉంగరంలాంటి కాలువతో మాడ్యులేటరు చేసి చూపింది. ఈ ఉంగరం మళ్లీ కనిపిస్తుంది.

అప్పటికీ ఒక పెద్ద లోటు మిగిలిపోయింది. సిలికాన్ కాంతిని మోస్తుంది, మలుపు తిప్పుతుంది, ఆపుతుంది. పుట్టించడం మాత్రం దానికి చేతకాదు. దాని స్ఫటికంలో ఎలక్ట్రాను పై మెట్టు నుంచి కిందికి దిగినప్పుడు శక్తి కాంతిగా కాక ఎక్కువగా వేడిగా పోతుంది. ఇండియం ఫాస్ఫైడ్ అయితే చక్కగా వెలుగుతుంది. అయితే అది పెళుసు, ఖరీదు, పైగా వేఫర్లు అనే పళ్లేల్లో, అదీ చిన్నవాటిలోనే దొరుకుతుంది. ఇండియం ఫాస్ఫైడ్ లేజరును తెచ్చి సిలికాన్ కాలువ మూతి దగ్గర సరిగ్గా నిలబెట్టాలంటే మైక్రానులో చిన్న వంతు తేడా కూడా పనికిరాదు. ఒక్కొక్క లేజరుకూ ఆ తతంగం విడిగా జరగాలి. లక్షల చిప్పులకు అది అయ్యే పనికాదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా ప్రాంగణంలో జాన్ బౌవర్స్ బృందం దీనికి అడ్డదారి ఆలోచించింది. బౌవర్స్ ఒకప్పుడు బెల్ ల్యాబ్స్‌లో పనిచేసి, 1987లో విశ్వవిద్యాలయానికి వచ్చిన మనిషి. రెండు వేర్వేరు స్ఫటికాలను అతికించే విద్యలో ఆయన ప్రయోగశాలకు ఏళ్ల అనుభవం ఉంది. ఇంటెల్‌లో మారియో పానిచ్చా నడిపే బృందానికి సిలికాన్ వేవ్‌గైడ్లు నాణ్యంగా చేయడం తెలుసు. ఒకరి చేతిలో జిగురు, ఇంకొకరి చేతిలో గోడ. అమెరికా రక్షణ పరిశోధనా సంస్థ డార్పా కూడా డబ్బు పెట్టింది.

వాళ్లు చేసింది ఇది. ముందుగానే తయారైన లేజరును తెచ్చి నిలబెట్టలేదు. ఏ గీతా లేని ఇండియం ఫాస్ఫైడ్ పలకను తెచ్చి, ముందే కాలువలు చెక్కి ఉన్న సిలికాన్ మీద బోర్లించి అతికించారు. అతికించే ముందు రెండింటినీ ఆక్సిజన్ ప్లాస్మాకు చూపించారు. దానితో ఉపరితలాల మీద సుమారు 25 పరమాణువుల మందాన ఆక్సైడు పొర ఏర్పడింది. వేడిచేసి అదిమితే ఆ పొరే గాజు జిగురులా రెండింటినీ ఒకటి చేసింది. ఆ తర్వాతే పై పలక మీద లేజరు ఆకారాన్ని చెక్కారు. గోడకు అద్దం ముక్కలు ఒక్కొక్కటీ అతికించడం వేరు, గోడంతా ఒకేసారి పూత పూసి ఆపైన ముగ్గు గీయడం వేరు. ఇది రెండో రకం. ఒక్క అతుకుతో ఎన్ని లేజర్లయినా వస్తాయి. వాటి స్థానం మనిషి చేతి మీద కాక అచ్చు మీద ఆధారపడుతుంది. కాంతి పై పొరలో పుడుతుంది, అందులో ఎక్కువ భాగం కింద ఉన్న సిలికాన్ కాలువలో పారుతుంది. 2006 సెప్టెంబరు 18న ఇంటెల్, శాంటా బార్బరా ఉమ్మడిగా ఈ హైబ్రిడ్ సిలికాన్ లేజరును ప్రకటించాయి.

ప్రకటనకూ సరుకుకూ మధ్య దూరం ఎంతో ఈ కథలో స్పష్టంగా కనబడుతుంది. ఇంటెల్ 2010లో సెకనుకు 50 గిగాబిట్ల నమూనా చూపింది. అమ్మకానికి 100 గిగాబిట్ల ట్రాన్సీవర్లు వచ్చింది 2016లో. ప్రయోగశాలలో లేజరు వెలిగిన తర్వాత పదేళ్లు! ఆ పదేళ్లలో జరిగిన పని పత్రికల్లో రాదు. అతుకు ఎన్ని వేల గంటలు నిలుస్తుంది, వేడికి లేజరు ఎలా ముసలిదవుతుంది, పళ్లెం అంచున ఉన్న చిప్పుకూ మధ్యలో ఉన్న చిప్పుకూ తేడా ఎందుకు, ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతకడం కంపెనీ పని. అది విశ్వవిద్యాలయం చేసే పని కాదు, చేయగలిగినదీ కాదు.

ఇంతలో శాంటా బార్బరా వైపు నుంచి ఇంకో పాయ బయలుదేరింది. మొదటి హైబ్రిడ్ లేజరు మీద పనిచేసిన విద్యార్థి అలెగ్జాండర్ ఫాంగ్, బౌవర్స్ కలిసి 2008లో ఆరియన్ అనే సంస్థను పెట్టారు. 2016లో జునిపర్ నెట్‌వర్క్స్ దాన్ని 16.5 కోట్ల డాలర్లకు కొన్నది. ఇంటెల్ మాత్రం 2023లో తన ట్రాన్సీవర్ల వ్యాపారాన్ని జేబిల్ అనే తయారీ సంస్థకు అప్పగించింది. కంపెనీలు వ్యాపారంలోకి వస్తాయి, తప్పుకుంటాయి. బౌవర్స్ ప్రయోగశాల శాంటా బార్బరాలోనే ఉంది.

ఇంటెల్ లాంటి తోడు దొరకని విశ్వవిద్యాలయాలు ఏం చేయాలి? దీనికి జవాబు పాతదే, ఎలక్ట్రానిక్ చిప్పుల కాలం నాటిది. 1981లో డార్పా సాయంతో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మోసిస్ అనే సేవ మొదలైంది. అనేకమంది డిజైన్లను ఒకే మాస్కు మీద సర్ది, తలా ఇంత వేసుకుని ఖర్చు పంచుకోవడం దాని పద్ధతి. ఒకే పొలాన్ని మళ్లుగా కట్టి పదిమంది తలా ఒక పంట వేసినట్టు. ఫోటానిక్స్‌లో ఈ పద్ధతిని యూరప్ 2006లో అందిపుచ్చుకుంది. బెల్జియంలోని ఐమెక్, ఫ్రాన్స్‌లోని సీఈఏ-లెటి కలిసి ఈపిక్స్‌ఫ్యాబ్ పేరుతో ఉమ్మడి వేఫరు సేవ మొదలుపెట్టాయి. ఐమెక్ 1984లో ఫ్లాండర్స్ ప్రభుత్వం లూవెన్‌లో స్థాపించిన పరిశోధనా సంస్థ. గెంట్ విశ్వవిద్యాలయంలోని ఫోటానిక్స్ బృందం దానికి అనుబంధంగా ఉంటుంది. కంపెనీ కాదు, కళాశాల కాదు, రెండింటికీ మధ్య వరండా లాంటిది. ఉమ్మడి పరిశోధనకు ఇంతకంటే మంచి అమరిక ఇప్పటివరకూ కుదరలేదనే చెప్పాలి.

ఉమ్మడి వేఫరు మీద పరిశోధన ఎలా సాగుతుందో విద్యార్థి వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. ముందు ఫౌండ్రీతో, అంటే చిప్పులు అచ్చువేసే కర్మాగారంతో, రహస్య ఒప్పందం మీద సంతకం. అప్పుడు పీడీకే (ప్రాసెస్ డిజైన్ కిట్) చేతికి వస్తుంది. కాలువ ఎంత వెడల్పుండాలి, రెండు కాలువల మధ్య ఎంత ఎడం ఉండాలి అనే నియమాలు, ముందే పరీక్షించిన భాగాల బొమ్మలు అందులో ఉంటాయి. విద్యార్థి తనకిచ్చిన కొద్ది మిల్లీమీటర్ల మడిలో డిజైను గీసి, గడువులోగా పంపాలి. ఆ తర్వాత ఎదురుచూపు. నెలల తరబడి. ఒక్కోసారి ఏడాదికి దగ్గరవుతుంది. చివరికి కొరియరులో చిన్న ప్లాస్టిక్ డబ్బా వస్తుంది, అందులో జిగురు పొరకు అంటుకుని కంది పలుకంత చిప్పులు.

కదలిక తగలని బల్ల మీద చిప్పును పెడతారు. ఫైబరు కొసను చిప్పు మీదికి ఏటవాలుగా దించుతారు. స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ పవర్ మీటరు అంకె పెరుగుతుందా, తగ్గుతుందా అని చూస్తుంటారు. అంకె పెరిగి నిలబడితే కాంతి కాలువలో పడ్డట్టు. అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. 1550 నానోమీటర్ల దగ్గర పలకాల్సిన ఉంగరం 1553 దగ్గర పలుకుతుంది. కాలువ వెడల్పులో 1 నానోమీటరు తేడా వస్తే ఉంగరం తరంగదైర్ఘ్యం దాదాపు 1 నానోమీటరు జరుగుతుంది. కాలువ గోడలు కాస్త గరుకుగా ఉంటే ఒక్క సెంటీమీటరు ప్రయాణంలోనే రెండు మూడు డెసిబెల్స్ కాంతి పోతుంది. మూడు డెసిబెల్స్ అంటే సగం. డిజైను తప్పా, తయారీ తేడా? ఫౌండ్రీ ఇంజినీరుకు ఫోను చేయాల్సిందే. నిజమైన సహకారం జరిగేది ఆ సంభాషణలో. విద్యార్థి కొలిచిన అంకెలు ఫౌండ్రీకి తన లైను లోపాలను చూపిస్తాయి, తర్వాతి పీడీకే మెరుగవుతుంది. అయిదేళ్ల పీహెచ్‌డీలో ఇలాంటి విడతలు నాలుగైదు దక్కితే అదృష్టమే.

ఫౌండ్రీని ఒక్క నియమమూ మార్చమని అడగకుండా పని కానిచ్చిన వాళ్లూ ఉన్నారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ, కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ పరిశోధకులు న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక మామూలు ఎలక్ట్రానిక్స్ లైను తీసుకున్నారు. మొదట ఐబీఎం నడిపి, తర్వాత గ్లోబల్‌ఫౌండ్రీస్ చేతికి వచ్చిన 45 నానోమీటర్ల లైను అది. ట్రాన్సిస్టర్ల కోసం ఉన్న సిలికాన్ పొరనే కాంతి కాలువగా వాడుకున్నారు. కింది గాజు పొర మరీ పలచన కావడంతో కాంతి కిందికి కారిపోయే ప్రమాదం ఉంది. చిప్పు చేతికి వచ్చాక అడుగునున్న సిలికాన్‌ను తీసేశారు. 2015 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన ఆ ప్రాసెసరులో 7 కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లు, 850 కాంతి భాగాలు ఉన్నాయి. మెమరీ చిప్పుతో అది కాంతి భాషలో మాట్లాడింది. ఆ బృందం నుంచే ఆయర్ ల్యాబ్స్ అనే కంపెనీ పుట్టింది.

ఇంత పొత్తులోనూ ప్రభుత్వం వెనకాల నిలబడకపోతే బండి కదలదు. నెదర్లాండ్స్ దారి ఇండియం ఫాస్ఫైడ్ దారి. రంగులను విడదీసే అరేడ్ వేవ్‌గైడ్ గ్రేటింగ్‌ను 1988లో ప్రతిపాదించిన మైంట్ స్మిట్ తర్వాత ఐండ్‌హోవన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఈ రంగాన్ని పెంచాడు. ఫిలిప్స్ కంపెనీ పుట్టిన ఊరు అది. అక్కడ 2012లో మొదలైన స్మార్ట్ ఫోటానిక్స్ ఫౌండ్రీకి డబ్బు కరువై, విదేశీ చేతుల్లోకి పోయే పరిస్థితి వచ్చింది. 2020లో డచ్చి ప్రభుత్వం 2 కోట్ల యూరోలు అందించి దాన్ని దేశంలోనే నిలిపింది. 2022లో ఫోటాన్‌డెల్టా అనే ఉమ్మడి వేదికకు 110 కోట్ల యూరోలు సమకూరాయి. అందులో 47 కోట్లు జాతీయ వృద్ధి నిధివి.

అమెరికా 2015 జులైలో కొడాక్ కంపెనీ ఊరు రాచెస్టర్‌లో ఎయిమ్ ఫోటానిక్స్‌ను ప్రకటించింది. రక్షణ శాఖ 11 కోట్ల డాలర్లు ఇచ్చింది, మిగతాది రాష్ట్రం, కంపెనీలు, కళాశాలలు వేసుకున్నాయి. మొత్తం 60 కోట్లు దాటింది. తొలి కూటమిలో 124 సంస్థలున్నాయి. చిప్పు అల్బనీలో తయారవుతుంది, ఫైబరు జోడించి పెట్టెలో బిగించే పని రాచెస్టర్‌లో. ఈ రెండో పనిని ప్యాకేజింగ్ అంటారు. వినడానికి చిన్న పని. ఫైబరులో కాంతి నడిచే భాగం తొమ్మిది మైక్రాన్లు, చిప్పు మీది కాలువ అర మైక్రాను. పెద్ద తూము నీటిని సన్నటి గొట్టంలోకి ఒలకకుండా పోయడం లాంటిది ఆ జోడింపు. ట్రాన్సీవరు ఖర్చులో పెద్ద వాటా దీనిదే. విశ్వవిద్యాలయాలు ఏళ్ల తరబడి దీన్ని పరిశోధనగా లెక్కించలేదు, అది వాటి పొరపాటు.

పొత్తులో తగాదాలూ తప్పవు. విద్యార్థికి ప్రచురణ కావాలి, కంపెనీకి రహస్యం కావాలి. అందుకే ఒప్పందాల్లో వ్యాసాన్ని పంపేముందు కంపెనీకి చూపించి కొన్ని వారాలు ఆగాలనే షరతు పెడతారు. పేటెంటు వేసుకోవడానికి ఆ వ్యవధి. పేటెంటు ఎవరిదన్నది మరో తకరారు. ప్రభుత్వ సొమ్ముతో జరిగిన పరిశోధన మీద హక్కును విశ్వవిద్యాలయమే ఉంచుకోవచ్చని అమెరికాలో 1980 నాటి బై-డోల్ చట్టం తేల్చింది. కంపెనీ సొమ్ము, ప్రభుత్వ సొమ్ము ఒకే ప్రయోగశాలలో కలిస్తే లాయర్లకు పని. ఫౌండ్రీ నియమాలు రహస్యం కావడంతో ఒక చోట ప్రచురించిన చిప్పును ఇంకో చోట అచ్చంగా తిరిగి చేయడం కుదరదు. సైన్సుకు ఇది నష్టమే. అయినా లైను దొరకడానికి పరిశోధకులు ఆ నష్టాన్ని ఒప్పుకున్నారు.

ఇక ముందు చెప్పిన కార్నెల్ ఉంగరం సంగతి. 2005లో దాన్ని చూసినవారు ముచ్చటపడ్డారు గానీ, వేడికి కాస్త తేడా వచ్చినా తరంగదైర్ఘ్యం జారిపోతుందని కంపెనీలు దూరం పెట్టాయి. ఒక్క డిగ్రీకి అది 0.07 నానోమీటర్లకు పైగా జరుగుతుంది. అనేక విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఆ ఉంగరం పక్కన బుల్లి హీటర్లు పెట్టి, దాన్ని దారిలో ఉంచే సర్క్యూట్లు నేర్చుకుంటూ పోయారు. 2025 మార్చిలో చిప్పుల కంపెనీ ఎన్‌విడియా, ఫౌండ్రీ సంస్థ టీఎస్ఎంసీతో కలిసి చేసిన, కాంతితో మాట్లాడే నెట్‌వర్క్ స్విచ్చులను ప్రకటించింది. వాటిలో ఉన్నవి ఉంగరం మాడ్యులేటర్లే. మధ్యలో ఇరవై ఏళ్లు గడిచాయి.

భారతదేశంలో ఈ పని సాగుతున్న చోట్లలో రెండింటిని చూద్దాం. బెంగళూరు ఐఐఎస్సీలోని నానో సైన్స్ కేంద్రంలో ధూళిలేని గదులు, యంత్రాలు ఉన్నాయి. ఐఎన్‌యూపీ అనే ప్రభుత్వ పథకం కింద బయటి కళాశాలల వారికీ అక్కడ పనిచేసే వీలుంది. మద్రాసు ఐఐటీలో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ సాయంతో ప్రోగ్రామబుల్ ఫోటానిక్ చిప్పుల కేంద్రం ఏర్పడింది. మలేసియాలోని సిల్‌టెర్రా ఫౌండ్రీ, ప్యాకేజింగ్ చేసే బెంగళూరు సంస్థ ఇజ్మో మైక్రోసిస్టమ్స్ దాని భాగస్వాములు. సంకేతాలను ఎవరూ విప్పలేని విధంగా దాచడానికి ముందుగా ఊహించలేని అంకెలు కావాలి. కాంతి కణాల స్వభావం నుంచి అలాంటి అంకెలను పుట్టించే సిలికాన్ ఫోటానిక్ పరికరాన్ని ఆ కేంద్రం తయారుచేసింది. 2025లో ఇంద్రార్క క్వాంటమ్ టెక్నాలజీస్ అనే సంస్థ కోటి రూపాయలకు దాని లైసెన్సు తీసుకుంది.